ఒక్క వానాకాలం ఆగలేకపోయాం

నేను రిటైరైన రోజు మా ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో చిన్న సభ పెట్టారు. శాలువా కప్పారు, సందేశ్ మిఠాయి పెట్టారు. మా మేనేజరు బెంగాలీలో పది నిమిషాలు మాట్లాడి, "ఈయన గీసిన గీతలో తప్పు వెతకడం దండగ" అని ముగించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ నమస్కారం పెట్టి కూర్చున్నాను. అలాంటి చోట లేచి, కాదు బాబూ ఒక తప్పు ఉంది అని చెప్పడం బాగుండదు కదా. ఇప్పుడా మొహమాటం లేదు. ఇంజనీరింగ్ చదివి కొత్తగా డిజైన్ పనిలో చేరిన పిల్లల కోసం ఆ తప్పు గురించే రాస్తున్నాను. మా ఇంట్లో పిల్లలు తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. వాళ్లకి నేనే చదివి వినిపించాలి. ఆ పని ఇంకా చెయ్యలేదు.

మాది మూడు తరాలుగా కలకత్తా. తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రేవులో పనికి కుదిరాడు. నాన్న రైల్వేలో గుమాస్తా. నేను డిప్లొమా చదివి హౌరాలో ఒక ఇంజనీరింగ్ కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాను. బోర్డు మీద పెన్సిలుతో మొదలుపెట్టి, కంప్యూటరు వచ్చాక దానితో కుస్తీ పట్టి, చివరికి డిజైన్ విభాగానికి పెద్దనయ్యాను. రోడ్డు రోలర్లు, మట్టి తవ్వే యంత్రాలు, రేవులో వాడే క్రేన్ల భాగాలు, ఏది అడిగితే అది చేసేవాళ్లం. నా సర్వీసు చివరి పదేళ్లలో ఒక కొత్త ఆర్డరు వచ్చింది. సరిహద్దు పొలాల్లో ఏళ్ల తరబడి పాతిపెట్టి ఉన్న మందుపాతరల్ని తొలగించే బండి కావాలన్నారు.

అది ఎలా ఉంటుందో ఒక్క ముక్కలో చెబుతాను. పెద్ద ట్రాక్టరు లాంటి బండి, మందపాటి ఉక్కు క్యాబిను, ముందు అడ్డంగా తిరిగే ఇరుసు. ఆ ఇరుసుకి బోలెడు గొలుసులు, ప్రతి గొలుసు చివర ఒక సుత్తి. ఇరుసు తిరుగుతుంటే సుత్తులు నేలని బాదుతూ పోతాయి. లోపలున్న మందుపాతర ఆ దెబ్బకి పేలిపోవాలి, లేదా పగిలిపోవాలి. బట్టలు బాదినట్టు బాదుతుందని మా వర్క్‌షాపులో దాన్ని ధోపా అని పిలిచేవారు. బెంగాలీలో చాకలిని అలాగే అంటారు. ఆఫీసు కాగితాల్లో దానికి ఇంకేదో పొడుగాటి పేరుండేది, అది మాకెవ్వరికీ నోరు తిరగలేదు.

పరీక్షకి నిజం మందుపాతరలు మాకెవరిస్తారు. ప్లాస్టిక్ డబ్బాలు చేయించి, వాటిలో బడాబజార్ నుంచి తెచ్చిన గులాబీరంగు ఆబీర్ నింపేవాళ్లం, హోలీకి చల్లుకునే రంగు. సుత్తి తగిలి డబ్బా పగిలితే గులాబీరంగు దుమ్ము లేస్తుంది. లేచిందంటే తగిలినట్టు, లేవకపోతే తప్పినట్టు. ఇంత సులువైన పరీక్ష ఇంకోటి ఉండదని నేను గర్వపడేవాణ్ణి.

ఆ డబ్బాలు పాతే పని ఒక ముసలాయనది. నేను బాబాయ్ అనేవాణ్ణి, చుట్టరికమేమీ లేదు. ఇద్దరం ఒకే తెలుగు చర్చికి వెళతాం. ఆయన వాట్‌గంజ్‌లో ఉండేవాడు, ఒకప్పుడు రేవులో మూటలు మోశాడు. నడుం పడిపోయాక మా ఫ్యాక్టరీలో తోటపనికి, గోతుల పనికి కుదిరాడు. దానితోపాటు మా సంఘంలో ఎవరు పోయినా సమాధుల తోటలో గొయ్యి తవ్వేది ఆయనే. ఆ పనికి కూలి అడిగేవాడు కాదు. ఆయన కొడుకు కూడా మా దగ్గరే ఫిట్టరు, ముప్పై దాటినవాడు, మంచి పనిమంతుడు. ధోపా తయారయ్యాక దాన్ని నడపడం అందరికంటే ముందు అతనే నేర్చుకున్నాడు. తండ్రీకొడుకులు వాట్‌గంజ్ నుంచి ఒకే బస్సెక్కి వచ్చేవారు. ఫ్యాక్టరీ గేటు దగ్గర మాత్రం కొడుకు నాలుగడుగులు ముందు నడిచేవాడు.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. సమాధి మీద రాయి వెంటనే వెయ్యరు, ఒక వానాకాలం పోనిస్తారు. తవ్వి కప్పిన మట్టి గుల్లగా ఉంటుంది, వానలకి తడిసి దిగబడుతుంది. తొందరపడి రాయి వేస్తే అది పక్కకి ఒరిగిపోతుంది, లేదా పగులుతుంది. మా అమ్మ పోయినప్పుడు మా తమ్ముడు సెలవు అయిపోతోందని నెలలోపే రాయి వేయించేద్దామన్నాడు. బాబాయ్ ఒప్పుకోలేదు. నేనూ ఆయన వైపే మాట్లాడి ఏడాది ఆగాను. వానలు వెళ్లాక చూస్తే మట్టి జానెడు దిగిపోయి, కాలితో తన్నినా చలించనంత గట్టిగా ఉంది. భవానీపూర్‌లో ఒక దుకాణంలో పేరు చెక్కించి అప్పుడు వేశాం. నేను చెప్పబోయే రోజుకి ఆ రాయి వేసి ఆరు నెలలు కూడా కాలేదు. సంగతి నాకు తెలియదని చెప్పుకోవడానికి వీల్లేదు.

ఆ రోజు మే నెలలో ఒక ఉదయం. నది ఒడ్డున పాడుబడ్డ ఇటుకల భట్టీ నేల ఒకటి అద్దెకి తీసుకుని మేం పరీక్షలు చేసేవాళ్లం. బండి కొనేవాళ్ల తరఫున ఇన్‌స్పెక్టరు పదకొండింటికి వస్తాడు. ఆయన సరేనంటే బండి వానలకి ముందే బయలుదేరుతుంది. లేదంటే మళ్లీ దసరాకి దుర్గా పూజల దాకా ఆ నేలంతా బురదే, బండి దిగదు, పరీక్ష జరగదు. నేను ఎనిమిదింటికే వెళ్లాను. బాబాయ్ ఆఖరి గుంట కప్పి కాలితో తొక్కుతున్నాడు. మిగతావాళ్లు మట్టి ముంతల్లో టీ తాగుతున్నారు. బాబాయ్ గునపం పక్కన పెట్టి నా దగ్గరికొచ్చాడు.

"బాబూ, ఒక మాట సెప్తాను, ఏటీ అనుకోకండి. ఈ మట్టి ఇంకా కూకోలేదు. నిన్న తవ్వినాను, నిన్నే కప్పినాను. అక్కడ నిజం మందుపాతర్లు ఏళ్లకేళ్లు నేలలో ఉన్నాయంటన్నారు గదా. ఆటి మీద మట్టి రాయైపోయుంటాది. ఈ మెత్తటి గుంటలో సుత్తి తగిలిందంటే మనకేటి తెలస్తాది? ఒక వానాకాలం ఇలాగే ఒగ్గేయండి. పూజలయినాక కొట్టి సూడండి."

ఇదీ ఆయన చెప్పింది. ఇప్పుడు ఎన్నిసార్లు తలుచుకున్నా ఇందులో ఒక్క మాట కూడా తీసెయ్యడానికి కనబడదు. నేల అంతా ఎండకి గట్టిపడి ఉంది. డబ్బా ఉన్న చోట మాత్రం మెత్తగా ఉంది. సుత్తి ఎంత లోతు దిగుతోందో మేం కొలిచింది ఆ మెత్తటి చోట్లలోనే. చదువుకున్నవాళ్లం ఆరుగురం నెలల తరబడి ఆ కొలతలు రాసుకున్నాం, ఒక్కడికీ తట్టలేదు.

నేనేం చేశానో చెబుతాను. నవ్వాను. "ఇదేమైనా సమాధా బాబాయ్, పైన రాయి వెయ్యడానికి" అన్నాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. టీ తాగుతున్నవాళ్లు ఏమిటేమిటని అడిగితే, బెంగాలీలోకి తర్జుమా చేసి మరీ చెప్పాను. మా బాబాయ్ గోతులు తవ్వే మనిషి, ధోపాని కూడా ఏడాది మైల పట్టమంటున్నాడు అని. అందరూ నవ్వారు. ఒకరు "బుడో దా, ముసలన్నా, బండికి గొయ్యి కూడా నువ్వే తవ్వుతావా" అన్నారు. బాబాయ్ కూడా కొంచెం నవ్వాడు. తువ్వాలుతో మొహం తుడుచుకుని, గునపం తీసుకుని నీడలోకి వెళ్లి కూర్చున్నాడు.

ఎందుకలా చేశానని నన్ను నేను చాలాసార్లు అడిగాను. తేదీ ముంచుకొచ్చిందన్నది ఒక కారణం. అసలు కారణం అది కాదు. ఆయన అందరి ముందూ నాతో మా ఇంటి మాటలో మాట్లాడాడు. ఆఫీసరైన నేను, గోతులు తవ్వే ఆయన, ఒకే వీధి నుంచి వచ్చినట్టు అందరికీ తెలిసిపోతోంది. ఆ దగ్గరితనం నాకు ఆ ఉదయం నచ్చలేదు. ఇంత చిన్న సంగతి. రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

పదకొండింటికి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. బాబాయ్ కొడుకే బండి నడిపాడు. సుత్తులు దిగిన ప్రతి చోటా గులాబీరంగు దుమ్ము లేచింది. ఒక్క డబ్బా మిగల్లేదు. నాకు హుషారు ఆగలేదు. బండి వెళ్లిన దారిలో ఈ చివర నుంచి ఆ చివరిదాకా చేతులు వెనక్కి కట్టుకుని నడిచాను. మధ్యలో ఇన్‌స్పెక్టరుకి చెయ్యి ఊపాను. రంగు డబ్బాల మీద నడవడానికి ఏం ధైర్యం కావాలి? అయినా అందరూ చప్పట్లు కొట్టారు. నా బూట్లు, పంట్లాము గులాబీరంగయ్యాయి. ఇంటికి వెళ్లాక మా ఆవిడ, హోలీ రెండోసారి వచ్చిందా అంది.

బండి వెళ్లిపోయింది. దానితో బాబాయ్ కొడుకు కూడా వెళ్లాడు, అక్కడి డ్రైవర్లకి నేర్పడానికి. వారానికోసారి ఫోను చేసేవాడు. అంతా బాగుందనేవాడు. అక్కడి పద్ధతి ప్రకారం బండి బాదిన నేల మీద మళ్లీ మనుషులు పరికరాలతో వెతికి, సరేనన్నాకే ఎవరైనా అడుగు పెట్టాలి. అంతవరకు బండి దిగకూడదు. ఆ నియమం మేం బండితో ఇచ్చే పుస్తకంలో పెద్ద అక్షరాలతో అచ్చు వేయించాం.

చలికాలంలో ఒకరోజు భోజనానికి లేవబోతుంటే ఆఫీసుకి ఫోను వచ్చింది. పాత కంచె తీగ ఏదో గొలుసులకి చుట్టుకుని ఇరుసు ఆగిపోయిందట. బాబాయ్ కొడుకు బండిని కొంచెం వెనక్కి తీసి, దిగి, ముందుకి నడిచాడు. తన బండి అప్పుడే బాదిన నేల మీదే నడిచాడు. నాలుగో అడుగులో పేలింది. కుడికాలు మోకాలి కింద నుంచి పోయింది.

బాబాయ్‌కి చెప్పే పని నామీద పడింది. ఆయన ఫ్యాక్టరీ వెనక గోడ దగ్గర గడ్డి కోస్తున్నాడు. నేను వెళ్లడం చూసి కొడవలి కింద పెట్టి నిలబడ్డాడు. నేను బండి అన్నాను, పేలింది అన్నాను.

"పేణం ఉందా బాబూ?" అన్నాడు.

"ఉంది బాబాయ్. కాలు..."

"పేణం ఉంది గదా. ఎక్కడున్నాడో సెప్పండి. నాను ఎల్తాను."

అంతే అన్నాడు. మట్టి గురించి ఎత్తలేదు. హౌరా స్టేషన్‌లో ఆయన్ని రైలెక్కించి, తోడుగా ఒక మనిషిని పంపాను. నేను వెళ్లలేదు. విచారణకి కాగితాలు సిద్ధం చెయ్యాలని చెప్పాను. నిజానికి ఆయన పక్కన ఒక రాత్రీ ఒక పగలూ కూర్చునే ధైర్యం లేకపోయింది.

నెల తర్వాత అతన్ని కలకత్తా ఆసుపత్రికి మార్చారు. అప్పుడు వెళ్లాను. దుప్పటి ఒకవైపు ఎత్తుగా, ఇంకోవైపు చదునుగా ఉంది. ఎక్కడ చూడాలో తెలియక కిటికీ వైపు చూశాను. ఏమైనా అడగాలి కాబట్టి అడిగాను, దిగకూడదని నీకు తెలుసు కదా తమ్ముడూ అని.

"తెలుసు సార్. ఆ రూలు నానే అందరికీ సెప్పేవోడిని" అన్నాడు. "కానీ మీరు ఆరోజు నడిసినారు గదా, సెయ్యి ఊపుకుంటా. బండి గీసినాయనే నడిసినాడు, నాకేటి బయం అనుకున్నాను."

అందులో నిష్ఠూరం లేదు. అడిగినదానికి చెప్పాడంతే. నేను తెచ్చిన కమలాపళ్లు బల్ల మీద పెట్టి, నర్సుతో మాట్లాడి వస్తానని బయటికి వచ్చేశాను. వరండాలో చాలాసేపు నిలబడ్డాను.

విచారణ జరిగింది. ఆపరేటరు నియమం మీరి దిగాడు, యంత్రం ఒప్పుకున్న పరీక్షలన్నీ నెగ్గింది అని రాయడానికి అంతా సిద్ధంగా ఉంది. రెండూ నిజమే. అక్కడ నేను మట్టి సంగతి చెప్పాను. పాతిన మర్నాడే పరీక్ష చేశామని, అది పరీక్షే కాదని, ఆ నేల గురించి ఒక పనివాడు ముందే హెచ్చరించాడని రాతపూర్వకంగా ఇచ్చాను. మా పెద్ద సాహెబు వారం రోజులు నాతో మాట్లాడలేదు. దీన్ని ధైర్యమనుకోకండి. మే నెలలో చెప్పి ఉంటే ధైర్యం. కాలు పోయాక చెప్పేది సాక్ష్యమే. చివరికి నివేదికలో ఆపరేటరు తప్పు మొదటి పేజీలో వచ్చింది, మట్టి ఆఖరి పేజీలో వచ్చింది.

ఆ తర్వాతి వానలకి ముందు అదే భట్టీ నేలలో మళ్లీ డబ్బాలు పాతించాను. పాతింది బాబాయే. వేరే ఎవరితోనైనా చేయిస్తానంటే, నానే సేస్తాను బాబూ అన్నాడు. వానలు కురిశాయి, గుంటలు దిగాయి, గడ్డి మొలిచింది. దుర్గా పూజలు, కాళీ పూజ అన్నీ అయిపోయాయి, నేల ఎండింది. అప్పుడు బండి దింపాం. పాత సుత్తులు, పాత వేగం, ఏదీ మార్చలేదు. గులాబీరంగు దుమ్ము అక్కడొకటి, ఇక్కడొకటి లేచింది. మిగతా చోట్ల సుత్తులు పైన నాలుగు వేళ్ల మందం గీకి ఎగిరిపడ్డాయి. తవ్వి చూస్తే డబ్బాలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి, మూత కూడా కదల్లేదు. బాబాయ్ ఒక్కొక్కటే తీసి, మట్టి దులిపి, నా ముందు వరుసగా పెట్టాడు.

తర్వాత మేం సుత్తుల బరువు పెంచాం, బండి నడక బాగా తగ్గించాం, ఇరుసు పైకి ఎగరకుండా అదిమిపట్టే ఏర్పాటు చేశాం. మరుసటి ఏడు ఇంకో వానాకాలం పోయిన నేల మీద అది పని చేసింది. ఇవాళ ఆ బండ్లు శుభ్రం చేసిచ్చిన పొలాల్లో గోధుమలు పండుతున్నాయని ఫోటోలు పంపిస్తుంటారు. చూసి సంతోషిస్తాను. కాసేపే.

బాబాయ్ కొడుక్కి కంపెనీ స్టోర్సులో కూర్చునే పని ఇచ్చింది. జైపూర్ కాలుతో నడుస్తాడు. మళ్లీ ఏ బండీ ఎక్కలేదు. ఆదివారం చర్చిలో బాబాయ్ నన్ను చూసి ఎప్పట్లాగే వందనాలు బాబూ అనేవాడు. ఆ పలకరింపులో ఏ మార్పూ లేకపోవడం నాకు శిక్షలా ఉండేది. ఒక్కసారి తిడితే బాగుండునని ఎదురుచూశాను.

నేను రిటైరైన కొన్నాళ్లకి ఆయన ఆయాసంతో మంచం పట్టాడని తెలిసింది. వాట్‌గంజ్ వెళ్లాను. మూడో అంతస్తులో ఒకే గది, కిటికీలోంచి రేవు క్రేన్లు కనిపిస్తాయి. కొడుకు నాకు కుర్చీ వేసి, మందులు తెస్తానని బయటికి వెళ్లాడు. అప్పుడు అడిగాను. ఇన్నేళ్లూ నోట్లో నానుతున్న మాట. "తప్పు నాది బాబాయ్. నువ్వు చెప్పావు, నేను నవ్వాను. నన్ను క్షమించు."

ఆయన చాలాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు.

"మీకు తెల్దు బాబూ" అన్నాడు. "తెలనోడు నవ్వితే తప్పేటుంది. నాకు తెలుసు గదా. మట్టి సంగతి నాకు తెలుసు, నా కొడుకే ఆ బండి మీద ఎల్తాడని తెలుసు. తెలిసినోడు ఒకపాలి సెప్పీసి ఊరుకుంటాడేటి? మల్లా సెప్పాల. మీ కాళ్లడ్డం పడి సెప్పాల. అందరూ నవ్వినారని సిగ్గేసి, ఎల్లి నీడలో కూకున్నాను. ఆడి కాలు నా సిగ్గుకి పోయింది."

కాదన్నాను. నీ తప్పేమీ లేదన్నాను. రెండుసార్లు, మూడుసార్లు చెప్పాను. ఆయన వినిపించుకోలేదు. చిన్నపిల్లాడికి సర్దిచెప్పినట్టు నా చెయ్యి తట్టి, కళ్లు మూసుకున్నాడు. క్షమాపణ అడగడానికి వెళ్లినవాడికి అది దొరకలేదు. తప్పు తీసేసుకుని ఆయనే అట్టేపెట్టుకున్నాడు.

కిందికి దిగుతుంటే రెండో అంతస్తు మెట్ల మీద అతను ఎదురయ్యాడు, చేతిలో మందుల సంచితో.

"నాన్న ఏటన్నారు సార్?"

ఏమీ లేదు, పాత సంగతులు అని నాలుగు మెట్లు దిగాను. ఇంకా ఎంతకాలం ఇలా దిగిపోతాను అనిపించి, వెనక్కి ఎక్కి, ఉన్నదున్నట్టు చెప్పాను. తండ్రి అన్న మాటలు ఒక్కటీ వదలకుండా చెప్పాను. అతను గోడకి ఆనుకుని విన్నాడు. ఆ ఇరుకు మెట్ల మీద పైకీ కిందకీ వెళ్లేవాళ్లకి ఇద్దరం ఒదిగి దారి ఇచ్చాం.

"నవ్వినోల్లలో నానూ ఉన్నాను సార్" అన్నాడు చివరికి. "మీరు సూసుండరు, నాను బండి మీద కూకున్నాను. అందరికన్నా గట్టిగా నవ్వింది నానే. బెంగాలీవోల్ల ముందు మా నాన్న గోతుల గురించి మాటాడేస్తన్నాడని పేణం సచ్చిపోయింది. ఇంక మాటాడకుండా ఊరుకోవాలని నవ్వినాను. నాన్న తల తిప్పి నన్నే సూసినారు. సూసి, అప్పుడెల్లి నీడలో కూకున్నారు."

మందుల సంచి ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు.

"ఆ మాట మీతో సెప్పినారా సార్, నాను నవ్వినట్టు?"

"లేదు తమ్ముడూ. అందరూ నవ్వారన్నాడు, అంతే."

"నాతో కూడా అన్లేదు. ఇన్నేళ్లలో ఒక్కపాలి కూడా."

కమ్మీ పట్టుకుని, మంచి కాలు ముందు వేసి, ఒక్కొక్క మెట్టే ఎక్కుతూ పైకి వెళ్లాడు.